మిద్దె మీద నుంచి విన్న సినిమా

మొన్న వంటింట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. హాల్లో టీవీ మోగుతోంది. నేను దాని ముందు కూర్చోను. కూర్చుంటే చేతిలో పని ఆగిపోతుంది. వినడానికైతే వంటింట్లోకి కూడా వినపడుతుంది, ఆ మాత్రం చాలు. ఉన్నట్టుండి సీరియల్లో మాటలు ఆగిపోయాయి. సంగీతం ఒక్కటే సన్నగా సాగుతోంది. ఎంతసేపటికీ ఎవరూ నోరు తెరవరు.

"ఏమేవ్, మాట్లాడకుండా ఏం చేస్తా ఉండారే వాళ్లు?" అని మనవరాలిని అరిచి అడిగాను.

అడిగాక చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. ఆ ప్రశ్న నాది కాదు. మా అత్తది.

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. ఉదయగిరిలో మా ఇంట్లోనే ఉండేది. పెళ్లయి, కాపురానికి పోకముందే భర్త జ్వరంతో పోయాడు. నాకు పదేళ్లు వచ్చేసరికి ఆమెకు పాతికేళ్లు ఉంటాయి. దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్త రోజులవి. మాది బజారులో కిరాణా అంగడి పెట్టుకున్న ఇల్లు. అలాంటి ఇళ్లలో భర్త పోయిన ఆడది వాకిలి దాటాలంటే గుడికి, అదీ తెల్లారకముందు; లేదంటే ఎవరైనా చనిపోతే. ఇంకో దారి లేదు.

ఆమె నడిస్తే చప్పుడు ఉండేది కాదు. ఎంత ఖాళీ ఉన్నా గోడ పక్కనే నడిచేది. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడకుండా వాసన పట్టి చెప్పేది. ఎప్పుడూ తప్పలేదు. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. శబ్దం బయటికి రాదు, భుజాలు మాత్రం ఎగిరిపడేవి. ఏదైనా కావాలనిపిస్తే "నాకెందుకులే గానీ" అని మొదలుపెట్టేది. "నాకెందుకులే గానీ, ఎదురింటి కొత్త కోడలు ఏ రంగు కోక కట్టింది?" "నాకెందుకులే గానీ, సంతలో కనకాంబరం మొక్కలు వచ్చినాయా?" ఆ మాట వెనక వచ్చేది ఆమెకు బాగా కావాల్సిందని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అందరం మొదటి సగమే పట్టించుకునేవాళ్లం.

వానలు వెనకపట్టాక ఊరికి టూరింగ్ టాకీసు వచ్చేది. బస్సులు ఆగే చోటికి అవతల బీడులో గుడారం లేచేది. ఊళ్లో అప్పటికి కరెంటు లేదు. ఆయిల్ ఇంజను డబడబా కొట్టుకుంటూ ఉంటే దాని బలంతో బొమ్మ ఆడేది. పొద్దుగూకే వేళకు మైకులో పాటలు వేసేవాళ్లు. మొదటి పాట వినగానే మా అత్త కొంగు బిగించి రెండుసార్లు దోపుకుని, చేట పట్టుకుని మిద్దె ఎక్కేది. ఎండబెట్టిన మిరపకాయలు, ఒడియాలు ఎత్తాలి గదా. ఎంతకూ కిందికి దిగేది కాదు.

"ఏమే, ఒడియాలు ఒక్కోటే ముద్దు పెట్టుకొని ఎత్తతా ఉండావా?" అని మా అవ్వ కింద నుంచి అరిచేది. అవ్వ అంటే నాయన తల్లి. అత్తకూ కన్నతల్లే.

"కాకుల్ని తోలతా ఉండానమ్మా!" అని అత్త పైనుంచి బదులు చెప్పేది.

చీకటి పడినాక కాకులు యాడివని అవ్వ ఎప్పుడూ అడగలేదు. తెలిసే అడగలేదేమో.

గుడారంలో మాటలు ఊరి పక్క కొండకు తగిలి తిరిగి మా మిద్దె మీదికి వచ్చేవి. ఒక బొమ్మ రెండు వారాలు ఆడితే నాలుగో రోజుకు మాటలన్నీ అత్తకు వచ్చేసేవి. తెర మీద వాళ్లకు బుద్ధులు కూడా చెప్పేది. "పోబాకరా నాయనా, వాడు తలుపు వెనకే ఉండాడు," అని రెండు వీధుల అవతలి గుడారంలో ఉన్నవాడిని మా మిద్దె మీద నుంచి హెచ్చరించేది. వాడు పోనే పోయేవాడు. "చెప్తే వింటే గదా!" అని చేట విదిలించేది. మర్నాడు అదే చోట మళ్లీ చెప్పేది. ఇయ్యాలైనా వింటాడేమోనని.

మా అమ్మ నన్ను ఒక్కో బొమ్మకు ఒక్కసారి తీసుకుపోయేది. రెండోసారి అడిగితే, చూసిందే చూస్తే కొత్తగా ఏం కనపడతాది అనేది. అదే మాట తర్వాత నేనూ నా పిల్లలతో అన్నాను. సినిమా చూసొచ్చిన మర్నాడు అత్త నాకు తల దువ్వుతూ అడగడం మొదలుపెట్టేది. నేను కథ మొదటినుంచీ ఎత్తుకుంటే ఒప్పుకునేది కాదు.

"మాటలు నాకు వినపడినాయిలే పాపా. అయ్యి నువ్వు చెప్పాల్సిన పన్లే. మాటలు లేని కాడ వాళ్లు ఏం చేస్తా ఉండారో అది చెప్పు."

ఆ ముసలాయన కేకలు వేశాక కాసేపు అలికిడి లేదు, అప్పుడు ఆ పిల్ల ఏం చేసింది? గాజుల చప్పుడైంది గానీ మాట రాలేదు, ఆ గాజులు పగిలినాయా, చెయ్యి ఊరికే ఎత్తిందా? ఇలాంటివి. నాకు జ్ఞాపకం ఉంటే చెప్పేదాన్ని. లేకపోతే అప్పటికప్పుడు అల్లేదాన్ని. ఆమె దువ్వెన ఆపి కళ్లు మూసుకుని వినేది. నేను చెప్పింది కళ్ల ముందు పెట్టుకుని చూసుకునేదనుకుంటాను. చిక్కు తీయడం ఆగితే నాకు హాయిగా ఉండేది. అందుకని పొడిగించి చెప్పేదాన్ని.

ఒక సంవత్సరం ఒక కాపురం కథ వచ్చింది. అందులో భర్త ఊరు విడిచిపోయి చాలా రోజులకు ఇంటికి వస్తాడు. తలుపు చప్పుడవుతుంది. ఆ తర్వాత చాలాసేపు ఒక్క మాట ఉండదు. నేను ఆ వేళకు అమ్మ ఒళ్లో తల పెట్టి నిద్రపోయాను. ఆ సంగతి, అప్పుడు అతని భార్య ఏం చేసిందని అడిగిన అత్తకు చెప్పలేదు.

"ఆమె గుడికి పోయి దండం పెట్టుకునింది," అని చెప్పాను.

రెండు రోజుల తర్వాత అత్త మళ్లీ అడిగింది. నేను మొదటిది మర్చిపోయి, బావి కాడ కూర్చుని ఏడ్చిందని చెప్పాను. దువ్వెన ఆగింది.

"మొన్న గుడికి పోయిందన్నావు. ఇయ్యాల బావి అంటా ఉండావు. ఏది నిజం?"

"నన్నెందుకు అడగతావు? నువ్వే వచ్చి చూడు!" అన్నాను విసుగ్గా.

ఆమె మళ్లీ దువ్వడంలో పడింది. కానీ ఆ మాట నా బుర్రలో తిరగడం మొదలైంది. నిద్రపోయిన చోటు నాకూ చూడాలని ఉంది. అమ్మ రెండోసారి తీసుకుపోదు. అత్త వస్తే నాకు తోడు దొరుకుతుంది. ఇది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆమె మీద జాలితో నేను ఆమెను తీసుకుపోలేదు.

గుడారానికి తెర వెనక గుడ్డ చాలక, ఆ వైపు కంప నాటి వదిలేశారు. కంపకు ఇవతల చెక్క గరిటెలు చెక్కేవాళ్ల కొట్టం. అక్కడ గరిటెలకు వాడే నర్ది కట్టెలు గుట్టగా పడి ఉండేవి. ఆ గుట్ట ఎక్కితే తెర వెనక నుంచి బొమ్మ కనపడుతుందని బడిలో పిల్లలు చెప్పారు. టిక్కెట్టు అక్కర్లేదు. అక్కడ కూర్చునేవాళ్లు కూలి మనుషులు, బండ్లు తోలేవాళ్లు. మా వీధి ఆడవాళ్లు అటువైపు తల కూడా తిప్పేవాళ్లు కాదు.

మూడు రోజులు అత్తను బతిమాలాను. మూడు రోజులూ "నాకెందుకులే" అని ఊరుకుంది. నాలుగో రోజు అమ్మా అవ్వా బారసాలకని ఆత్మకూరు పోయారు, పొద్దున్నే గానీ రారు. నాయన అంగడి కట్టేసి వచ్చేసరికి చాలాసేపవుతుంది. మైకులో పాట మొదలైంది. అత్త చేట తీసుకుంది. నేను చేట లాక్కున్నాను.

"ఎవురైనా చూస్తే?" అంది.

"నేనుండా గదా అత్తా. ఎవురైనా అడిగితే నేనే పిలుచుకొని పోయినానని చెప్తాను. నామీద ఒట్టు."

నాయన పాత దుప్పటి తల మీదుగా కప్పుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి తడిగా ఉంది. వీధిలో కూడా గోడలు రాసుకుంటూ నడిచింది.

కట్టెల గుట్ట మీద ఒక చివర కూర్చున్నాం. ఆమె తెర వైపు చూడటం నేను చూశాను. మొదట తల వంచేసుకుంది, అంత పెద్ద ముఖం ఎదురుగా వచ్చేసరికి. తర్వాత మెల్లిగా ఎత్తింది. "ఈ గొంతు ఈమెదా! నేను ముసల్ది అనుకుంటిని," అంది. "వీడేనా? ఇంత బక్కోడా!" అంది. కొంచెంసేపటికి మాటలు వాళ్ల కంటే ముందు ఈమె నోట్లో కదులుతున్నాయి.

ఆ చోటు వచ్చింది. తలుపు చప్పుడైంది. భర్త లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె విస్తరి వేసింది. అన్నం పెట్టింది. పక్కన నిలబడింది. అతను తింటున్నాడు, ఆమె చూస్తోంది. అంతే. గుడీ లేదు, బావీ లేదు.

అత్త తల మీద దుప్పటి జారిపోయింది. సర్దుకోలేదు.

"అన్నం పెడతా ఉండాది పాపా," అంది, నాకు కనపడనట్టు. "అన్నం పెడతా ఉండాది."

కాసేపటికి ముందుకు వంగింది. "అయ్యో, ఎడం చేత్తో తింటా ఉండాడే!"

నిజమే. అతను ఎడమ చేత్తో ముద్దలు కలుపుకుని తింటున్నాడు. మా ఇద్దరికీ అది వింతగా తోచింది తప్ప, మేము బొమ్మకు వెనక కూర్చున్నామన్నది తట్టలేదు. మొదట్లో పేర్లు పడినప్పుడు నాకు ఒక్క అక్షరం చదవరాలేదు. అది కూడా కొత్త రకం రాత అనుకున్నాను.

ఆ చోటు అయిపోగానే అత్త లేచింది. కథ ఇంకా సగం ఉంది. "ఇంక పోదాం. చూడాల్సింది చూసేసినాను. మిగతాది ఇంట్లో వింటా," అంది. తిరిగి వచ్చేటప్పుడు వీధి నడిమధ్యలో నడిచింది.

నాలుగు రోజులు ఎవరికీ తెలియలేదు. ఆ నాలుగు రోజులూ వంట చేస్తూ తనలో తాను నవ్వుకునేది. ఐదో రోజు మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చాడు. నేను పక్కన కూర్చుని తింటూ, బెల్లం ముక్క ఎడమ చేత్తో తీసి నోట్లో వేసుకున్నాను. అవ్వ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఎడం చేత్తో తినే మనుషుల్ని యాడైనా చూసినావా?"

"సినిమాలో ఆయన తినలా?" అన్నాను.

అమ్మ వడ్డిస్తున్నది ఆగింది. "ఏం తిన్నాడు? శుభ్రంగా కుడి చేత్తో తిన్నాడు. నేను చూళ్లా? అయినా నువ్వు అప్పుడు నిద్రపోయినావు గదే."

"కాదు, ఎడం చెయ్యే! నేను చూసినాను!"

నాయన నవ్వాడు. "తెర వెనక కూర్చొని చూసినోళ్లకే ఎడం చెయ్యి కనపడేది. ఆ పక్క నుంచి చూస్తే అంతా తిరగబడి..." అంటూ అంటూ నవ్వు ఆపేశాడు. "ఆ గుట్ట కాడికి పోయినావా నువ్వు?"

నేను తల వంచుకున్నాను.

"ఎవురితో పోయినావు?"

అత్త వంటింటి గడప దగ్గర మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆమె ముఖం చూశాను. చూసే చెప్పాను.

"అత్త తీసకపోయింది. నేను రానంటే కూడా తీసకపోయింది."

రెండో మాట ఎవరూ అడగలేదు. అది నేనే కలిపాను.

పదేళ్ల పిల్లకు అన్నీ తెలుసు. చిన్నదానివి, నీకేం తెలుసులే అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అవ్వ అత్త వైపు తిరిగింది. "నిజమేనా?"

అత్త చెంబు కింద పెట్టింది. "అవునమ్మా. నేనే తీసకపోయినాను. బిడ్డను ఏమీ అనబాకండి."

నాయన చెయ్యి కడిగేసుకున్నాడు, మజ్జిగన్నం తినకుండానే. అవ్వ మాత్రం అంగడి దాకా వినపడేట్టు తిట్టింది. "బండ్లోళ్ల మధ్య కూర్చున్నావా! నీకు కండ్లు అంత నెత్తికెక్కినాయా!" అంది. ఆ సాయంత్రమే మిద్దె తలుపుకు తాళం పడింది. మైకులో పాట వస్తుంటే అత్త వంటింట్లో పొయ్యి అలుకుతోంది. వంటింటికి వీధి వైపు కిటికీ లేదు. ఆ గుడారం గొంతు అక్కడికి రాదు.

పది రోజులకు ఆమెను కలువాయికి పంపించారు. అక్కడ అవ్వ తమ్ముడి భార్యకు పక్షవాతం. మంచం మీద మనిషిని చూసుకోవడానికి ఒకరు కావాలి, పోయి ఉండమన్నారు. ఎన్నాళ్లు అని ఆమె అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. పోయే రోజు పొద్దున నాకు తల దువ్వి జడ వేసింది. జడ చివర ముడి వేస్తూ చెవి దగ్గరగా వంగి, "నువ్వు భయపడబాక పాపా. నేను ఎవురికీ చెప్పలే," అంది.

నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. బస్సు కదిలేదాకా, ఎక్కడ చెప్పేస్తుందోనని చూస్తూ నిలబడ్డాను.

ఆ మరుసటి ఏడు టాకీసు మళ్లీ వచ్చింది. ఒడియాలు ఎత్తేవాళ్లు లేక మంచుకు తడిసి బూజు పట్టాయి. ఒకరోజు నాయన నన్ను అంగట్లో పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

"మీ అత్తను పిలిపిద్దామా పాపా? ఇల్లు బోసిగా ఉండాది. మీ అవ్వ మాత్రం, ఆమె వస్తే మళ్లీ ఈ పిల్లను యాడికో తీసకపోతాదని అంటా ఉండాది. నువ్వు చెప్పు. తీసకపోతాదా?"

ఆయనకు చెల్లెలంటే ప్రాణం. నేను ఒక్క మాట చెబితే ఆ సాయంత్రమే బస్సెక్కేవాడు. నేనే తీసుకుపోయానని చెబితే నా సినిమా ఆగిపోతుంది. అవ్వ నన్ను బడి కూడా మాన్పిస్తుంది. ఇదంతా లెక్కవేసుకుని, "ఏమో నాయనా," అన్నాను. ఆయన తక్కెడ సర్దుకున్నాడు. మళ్లీ అడగలేదు. బడి ఎలాగూ ఆ ఏడే మాన్పించారు.

తర్వాత నాకు పెళ్లయింది. మొదటి బిడ్డ పుట్టాక, మా ఆయనకు కలువాయిలో ఏదో పని పడితే వెంట పోయాను. అత్తకు చెప్పాలనే పోయాను. ఆ వేళకు అవ్వ లేదు. నాయన ఉన్నాడు. ఆమె సరేనంటే ఆయనకు కూడా చెప్పేసి, ఆమెను ఉదయగిరికి తీసుకుపోదామని దారంతా మాటలు కూర్చుకున్నాను.

మధ్యాహ్నం పనులు అయ్యాక పోయాను. ఇంటి ముందు అరుగు మీద పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చేతుల్లో వేరుశనక్కాయలు, ఒలవడం ఆపేశారు. మధ్యలో మా అత్త. జుట్టు ముందువైపు నెరిసింది. నన్ను చూడలేదు. సినిమా చెబుతోంది. ఆ ఊళ్లో అప్పటికి గుడారం పడలేదు. వాళ్లలో చాలామంది బొమ్మంటే ఎలా ఉంటుందో ఎరగరు. ఆమె ఒక్కో మనిషికి ఒక్కో గొంతు మార్చి చెబుతోంది. ఏడెనిమిదేళ్లయినా మాట పొల్లుపోలేదు.

ఆ చోటికి వచ్చింది. గొంతు తగ్గించింది. లేచి నిలబడి విస్తరి వేసినట్టు, అన్నం పెట్టినట్టు, ఒక పక్కకు ఒదిగి చూస్తున్నట్టు చేసింది.

"ఎడం చేత్తో తింటా ఉండాడు. కుడి చేతికి యాడో దెబ్బ తగిలించుకొని వచ్చినాడు. చెప్పుకోడు. ఆమెకు తెలిసిపోయింది. తెలిసినా అడగదు. అడిగితే చిన్నబోతాడని. అందుకే ఆడ మాట లేదు."

ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా అమ్మ చూసిన సినిమాలో ఇదేమీ లేదు. ఆ రోజు నాయన చెప్పింది కూడా అత్త గడప దగ్గర నిలబడి విన్నదే. అయినా తన కళ్లు చూసింది చూసినట్టే చెబుతోంది.

అప్పుడు నన్ను చూసింది. గబగబా వచ్చి బిడ్డను అందుకుంది. నన్ను చెయ్యి పట్టి అరుగు మధ్యకు లాగింది.

"ఇదో, నేను చెప్తా ఉంటానే, ఈ పిల్లే! పదేండ్ల పిల్ల. మూడు రోజులు నా కొంగు పట్టుకొని వదల్లా. నన్ను చెయ్యి పట్టుకొని తీసకపోయి చూపించింది. మా ఇంట్లో ఇంతమంది ఉండారు గదా, ఎవురికైనా తోచిందా?"

నేను కూర్చుకొచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. చెప్పాలంటే చెప్పడానికి అదే సందు. చెబితే, ఇన్నేళ్లుగా ఆమె ఈ అరుగు మీద దాచుకున్న ఆ పిల్లను నేనే చంపినట్టు అవుతుందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నా వెసులుబాటు కోసమే. అసలు భయం ఆ పదిమంది ముందు నా ముఖం ఏమవుతుందోనని.

"మంచి మనసు తల్లీ నీది," అంది ఒకామె. "కడుపు చల్లగా ఉండాల," అంది ఇంకొకామె. అందరికంటే పెద్దామె లేచి వచ్చి, రెండు చేతులూ నా తల చుట్టూ తిప్పి, తన కణతల మీద మెటికలు విరిచింది. నేను కదలకుండా విరిపించుకున్నాను.